లైను వచ్చాక మాట్లాడతాను

జూన్ 2

ఈ ఫ్లాట్‌లో ఫోను పనిచేయదు. గ్రౌండ్ ఫ్లోరు, వెనకవైపు, చుట్టూ గోడలు. అద్దెకి తీసుకునేటప్పుడు ఎండ రాదని సంతోషించాను గానీ సిగ్నల్ కూడా రాదని తట్టలేదు. వంటింటి కిటికీలో, గిన్నెల స్టాండు పక్కన పెడితే మెసేజీలు మాత్రం వస్తాయి. వీడియో కలిస్తే మొహం వస్తుంది, చేతులు ఆగిపోతాయి. నిన్న అక్క చేతులు అలాగే గాల్లో ఆగిపోయాయి. ఏదో అడుగుతోంది. సగం ప్రశ్నలో బొమ్మ బిగుసుకుపోయింది. కాసేపు చూసి కట్టేశాను.

చెవులు వినిపించని మనిషితో ఫోన్లో మాట్లాడాలంటే చేతులు కనిపించాలి. మొహం ఒక్కటీ కనిపించి ఏం లాభం?

అందుకని ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకోవాలని నిశ్చయించాను. అక్కకి మెసేజ్ పెట్టాను, లైను వచ్చాక మాట్లాడతాను అని.

"సరే" అని వచ్చింది. కాసేపాగి ఇంకొకటి: "ఇరవై ఎనిమిది లోపు."

జూన్ 3

కంపెనీకి ఫోను చేశాను. అందుకు గేటు దగ్గర నిలబడాల్సి వచ్చింది. అవతల అమ్మాయి గొంతులో మర్యాద కారిపోతోంది.

మా బిల్డింగుకి వాళ్ళ వైరు వచ్చిందో లేదో చూడాలంటే ల్యాండ్‌లైన్ నెంబరు కావాలట. నాకు ల్యాండ్‌లైన్ లేదన్నాను. అయితే ముందు ల్యాండ్‌లైన్ తీసుకోమంది. సరే, అదే ఇవ్వమన్నాను. ఇవ్వాలంటే వైరు వచ్చిందో లేదో చూడాలట.

"చూడండి మరి."

"మీ ల్యాండ్‌లైన్ నెంబరు చెప్పండి మేడమ్."

పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు.

పెళ్ళి మాట ఎందుకు రాశానో.

జూన్ 5

మళ్ళీ కంపెనీ. ఈసారి వేరే అమ్మాయి, అదే ప్రశ్న. విసుగెత్తి చెవిటివాడి ముందు శంఖం అనబోయి నాలిక కరుచుకున్నాను. ఆ సామెత మా ఇంట్లో నిషేధం. చిన్నప్పుడు ఒకసారి అన్నందుకు అమ్మ అన్నం ముందునుంచి లేపేసింది.

సాయంత్రం సెక్రటరీగారిని అడిగాను. పై అంతస్తులో ఉంటారు, రిటైరయ్యాక ఈ బిల్డింగే ఆయన ఉద్యోగం. ఈ గోడల్లో టెలిఫోను వైర్లే వేయలేదట. కట్టే రోజుల్లో, అందరి జేబుల్లోనూ ఫోన్లు ఉండగా ఇంకా ఇవెందుకు అని బిల్డరు మానేశాడట. అంటే నా జన్మకి ఇక్కడ ల్యాండ్‌లైన్ రాదు. అది రాకపోతే బ్రాడ్‌బ్యాండూ రాదు.

అక్కకి అదే రాశాను. నా తప్పేం లేదు కదా.

జూన్ 6

డ్యూటీ. కంటి ఆసుపత్రి రిసెప్షన్ అంటే పని అంతా పిలవడమే. కళ్ళలో చుక్కల మందు వేయించుకుని వరసగా కళ్ళు మూసుకుని కూర్చుంటారు. పేరు పిలిస్తే లేచి గోడ వైపు నడుస్తారు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని డాక్టరు గది దాకా దింపాలి. అక్క ఉండే ఊళ్ళో, పాత బ్రాంచిలోనూ ఇదే పని. ట్రాన్స్‌ఫర్ ఎందుకడిగావని అక్కడి మేనేజరు అడిగితే గాలి మార్పు అన్నాను.

చుక్కలు వేసే నర్సు, మీ అక్కతో ఇక్కడి వైఫైలో మాట్లాడొచ్చుగా అంది. అది పేషెంట్ల కోసం అన్నాను.

జూన్ 8, ఆదివారం

ఇల్లు సర్దాను. పని లేక ఇది రాస్తున్నాను.

అక్కకి యాభై దాటాయి. ఫర్నిచర్ వర్క్‌షాపులో సోఫాలకి కుషన్లు కుడుతుంది. అదే షాపులో పనిచేసే వడ్రంగిని చేసుకుంటానంటోంది. ఆయనకీ వినిపించదు. భార్య పోయి చాలా కాలమైంది. మంచివాడే అంటారు. మంచివాడు కాదని నేనెప్పుడన్నాను?

నాకు మాటలొచ్చిన దగ్గర్నుంచీ అక్కకి నోరు నేనే. అమ్మ పోయేముందు కూడా అదే చెప్పింది. డాక్టరు దగ్గర, బ్యాంకులో, బస్సు కండక్టరుతో, కూరగాయలవాడితో బేరం దగ్గర, అన్నిటికీ నేనే. నేను పెళ్ళి చేసుకోలేదు. అక్క కోసం మానేశానని ఎవరికీ చెప్పలేదు. నిజానికి మానేయలేదు, కుదరలేదు. రెండూ ఒకటే.

రిజిస్ట్రారు ఆఫీసులో ఇరవై ఎనిమిదిన పెళ్ళి. ఆ సంగతి చెప్పిన రోజునే అంది, అక్కడ వాళ్ళిద్దరి మాటా ఆఫీసరుకి చెప్పడానికి ఒక ఆవిడని పెట్టుకున్నారట. సంజ్ఞలు చదువుకుని పరీక్ష పాసైన ఆవిడట. "నువ్వు మాట్లాడటానికి రావద్దు" అని చేతులతో చెప్పింది. ఇంకా ఏదో చెప్పబోతోంది. నేను మొహం తిప్పేసుకున్నాను.

బయటివాళ్ళకి ఇది చిన్న విషయంలా ఉంటుంది. వినిపించని మనిషి మాట్లాడుతుండగా మొహం తిప్పుకోవడమంటే నోరు నొక్కేయడమే. మా ఇంట్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు. చిన్నప్పుడు ఎన్ని జుట్లు పీక్కున్నా ఆ పని మాత్రం ఇద్దరం చేయలేదు.

పెళ్ళికి అడ్డం చెప్పడం లేదు నేను. లైను లేదు, అంతే.

జూన్ 10

సెక్రటరీగారి ఇంట్లో ఇంటర్నెట్ ఉంది! మెయింటెనెన్స్ డబ్బు ఇవ్వడానికి వెళ్తే మనవరాలు టీవీ ముందు కూర్చుని ఆ టీవీతోనే మాట్లాడుతోంది. మీకెలా వచ్చిందండీ అంటే, పక్క వీధిలో చిన్న కంపెనీ ఒకటుందట. ఫైబర్ వైరు డాబా మీదుగా తెస్తారట. దానికి ల్యాండ్‌లైనూ అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు.

మొన్న నాకు చెప్పలేదేమండీ అన్నాను.

"మీరు టెలిఫోను వైర్ల గురించి అడిగారమ్మా. దీని గురించి అడగలేదుగా."

ఈ మనిషిని ఏమనాలి? పోనీ నాకూ పెట్టించండి అంటే గోడకి కొత్త రంగు వేశామన్నారు. వైరు కిందికి దించితే రంగు పాడవుతుందట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే.

తిరిగి వచ్చి పడుకున్నాను. నిజం రాయాలంటే, గోడకి కొత్త రంగు అనగానే కొంచెం హాయిగా అనిపించింది.

జూన్ 12

అక్క మెసేజ్: "లైను?"

గోడకి రంగు వేశారు అని రాశాను.

ఏం అర్థమై ఉంటుందో.

జూన్ 13

సెక్రటరీగారు తనంతట తనే వచ్చారు. బాత్‌రూమ్ పైపులు దిగే సందులోంచి వైరు దించుకుంటే అభ్యంతరం లేదన్నారు. కంపెనీకి ఆయనే చెప్పారట, సోమవారం వస్తారట. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ నేనేం మంచిగా మాట్లాడలేదు. రాత్రి భార్య చీవాట్లు పెట్టి ఉంటుంది.

థాంక్స్ చెప్పాను. చెప్పాలి కదా.

జూన్ 16

సెలవు పెట్టి పొద్దున్నుంచీ వంటింటి కిటికీ దగ్గర కూర్చున్నాను. వచ్చేవాళ్ళు ఫోను చేస్తారని, ఆ కిటికీ దాటితే సిగ్నల్ ఉండదని. ఎవరూ చేయలేదు. మధ్యాహ్నం దాటాక మెసేజ్ వచ్చింది: మా ప్రతినిధి వచ్చారు, బెల్లు పనిచేయడం లేదు, ఎవరూ తలుపు తీయలేదు.

బెల్లు పనిచేస్తుంది. మోగదు, అంతే. ఈ ఇంట్లో దిగిన వారమే ఎలక్ట్రీషియన్ని పిలిచి గంట తీయించి, ఆ స్విచ్చికి హాల్లో బల్బు పెట్టించాను. మా ఇంట్లో అలాగే ఉండేది. ఎవరైనా బెల్లు నొక్కితే బల్బు వెలుగుతుంది, అక్క చూసి తలుపు తీస్తుంది. పుట్టి పెరిగిన అలవాటు. ఆయన నొక్కినప్పుడు హాల్లో బల్బు వెలిగే ఉంటుంది. నేను వంటింట్లో ఫోను వంక చూస్తూ కూర్చున్నాను.

చెవులున్న దాన్ని ఒక్కదాన్నే ఉండే ఇంట్లో ఆ బల్బు ఎందుకు పెట్టించానని ఇప్పుడు నన్నెవరూ అడగకపోతే బాగుండును.

జూన్ 18

మళ్ళీ సెలవు. ఈసారి హాల్లో కుర్చీ వేసుకుని బల్బు వంక చూస్తూ కూర్చున్నాను. మెడ పట్టేసింది.

వెలిగింది. తలుపు తీస్తే పెద్దాయన, మోకాలికి పట్టీ, భుజాన వైరు చుట్ట. మొన్న వచ్చిందీ ఆయనే. కోపంగా లేడు, అలసిపోయి ఉన్నాడు. కుర్చీలో కూలబడి మంచినీళ్ళు అడిగాడు. పైపుల సందులోంచి వైరు తెచ్చేసరికి ఆయన చొక్కా నిండా బూజు.

ఇంటర్నెట్ పెట్టె గోడకి బిగించి, తన సంచిలోంచి ఒక పాత ఎర్ర టెలిఫోను తీసి దానికి తగిలించాడు. ఇదెందుకండీ అన్నాను. దీంతోపాటు ల్యాండ్‌లైన్ నెంబరు కూడా వస్తుందట, ఊరికే. నాకు వద్దన్నాను.

"వద్దన్నా వస్తుందమ్మా. ఈ పెట్టెలోనే ఉంటుంది అది."

ల్యాండ్‌లైన్ లేదని అన్ని రోజులు తిప్పినవాళ్ళు ఒకరు, వద్దన్నా అంటగట్టేవాళ్ళు ఒకరు. నవ్వొచ్చింది. చాలా రోజులకి.

వెళ్ళబోతూ బల్బు చూసి ఇదేమిటని అడిగాడు. మా అక్కకి వినిపించదు అన్నాను.

"అక్కగారు లోపలున్నారా?"

"లేదండీ, ఇక్కడ ఉండదు."

ఆయన తలూపాడు. "వస్తారన్నమాట" అని చెప్పులేసుకున్నాడు.

జూన్ 19

లైను వచ్చింది. బ్రహ్మాండంగా ఉంది. ఎక్కడో చేపలు ఈదే వీడియో ఒకటి పెట్టుకుని చూశాను. ఒక్క చేపా ఆగలేదు.

అక్కకి మెసేజ్ పెట్టాను. ఎర్ర ఫోను సంగతి కూడా రాసి, నవ్వుకుంటుందని దాని నెంబరు పెట్టాను. వినిపించని వాళ్ళకి ల్యాండ్‌లైన్ నెంబరు, బోడితలకి దువ్వెన.

రేపు చేస్తాను. హాల్లో వెలుతురు చాలదు, చేతులు సరిగ్గా కనిపించవు. పెద్ద బల్బు కొనాలి.

జూన్ 20

బల్బు కొన్నాను. తలనొప్పి.

జూన్ 21

అక్క వీడియో కాల్ చేసింది. నా చేతులు తడిగా ఉన్నాయి. తుడుచుకునేసరికి ఆగిపోయింది.

తిరిగి చేయొచ్చు. భోజనం వేళ కదా, వాళ్ళు తింటూ ఉంటారు.

వాళ్ళు అని రాశాను.

జూన్ 22

అక్క మళ్ళీ చేస్తోంది. నేను నిద్రపోతున్నాను.

జూన్ 23

ఎర్ర ఫోను మోగింది. నా సెల్లు ఎప్పుడూ సైలెంట్‌లోనే ఉంటుంది, ఇన్నేళ్ళ జీవితంలో నేనుండే ఇంట్లో ఏదైనా మోగడం ఇదే మొదలు. చిన్న కంపెనీవాళ్ళు. మా సేవలు సంతృప్తిగా ఉన్నాయా అని. ఉన్నాయన్నాను.

సాయంత్రం మళ్ళీ వాళ్ళే. అదే ప్రశ్న, అదే జవాబు. ఇంత ప్రేమగా అడిగేవాళ్ళు వీళ్ళొక్కళ్ళే మిగిలారు.

అక్క దగ్గర్నుంచి మెసేజ్ లేదు.

జూన్ 24

మెసేజ్ లేదు. ఈ రోజు కూడా కాల్ రాలేదు.

పేషెంటు ఒకావిడ కట్టు విప్పాక నన్ను చూసి, గొంతు విని చిన్నపిల్లవనుకున్నాను అంది. జుట్టుకి రంగు వేసుకోవాలి.

పెళ్ళికి ఎవరు వెళ్తారు అక్కవైపు? అమ్మ లేదు, నాన్న లేడు. పిన్ని కూతుళ్ళు రారు. సోఫా షాపువాళ్ళు వస్తారేమో. నేను వెళ్ళి ఏం చేయాలి అక్కడ? మాట్లాడటానికి వేరే ఆవిడ ఉంది. నేను చేతులు ముడుచుకుని కూర్చోవాలా? ఇన్నాళ్ళూ పనికొచ్చాను. ఇప్పుడు పనికిరాను. ఏడుపొస్తోంది, రాయడం ఆపుతాను.

జూన్ 25

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగినట్టే రాస్తాను.

డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగా ఎర్ర ఫోను మోగింది. కంపెనీవాళ్ళే అనుకుని ఎత్తగానే, సంతృప్తిగా ఉందండీ, చాలా సంతృప్తిగా ఉంది అన్నాను. అవతల ఊపిరి మాత్రం వినిపిస్తోంది. పెట్టేయబోయాను.

"పాప" అని వినిపించింది.

అక్కకి నోటితో వచ్చిన మాట అదొక్కటే. స్కూల్లో టీచరు గొంతు మీద చెయ్యి పెట్టించి, పెదాలు చూపించి నేర్పిన మాట. నేను రోడ్డు మీదికి పరిగెత్తితే వెనకనుంచి అలా పిలిచేది. ఒకసారి బస్టాండులో నేను తప్పిపోతే జనం మధ్య నిలబడి అదే పనిగా పిలిచింది. జనం నవ్వారు. నవ్వు వినిపించకపోయినా మొహాలు చూసింది. అంతే, ఆ రోజు నుంచి గొంతు ఎత్తలేదు. అమ్మ బతిమాలినా ఎత్తలేదు. అమ్మ పోయినప్పుడు కూడా చప్పుడు లేకుండా ఏడ్చింది.

"పాప."

ఎవరో ఎత్తారని మాత్రం దానికి తెలుసు, సెల్లు తెర మీద అంకెలు కదులుతాయి కాబట్టి. ఎత్తింది నేనో కాదో తెలియదు. నెంబరు ఒక అంకె తప్పితే ఎవరో పరాయివాళ్ళ చెవిలో పడుతుంది ఆ గొంతు. వాళ్ళు నవ్వినా తెలియదు. తెలిసీ చేసింది. వీడియో అయితే నేను చూసి ఊరుకుంటాను. మోగేదైతే ఎత్తుతానని తెలుసు. నా సంగతి దానికి తెలిసినంత నాకు తెలియదు.

"అక్కా, ఇక్కడే ఉన్నాను" అన్నాను. ఎవరికి చెప్తున్నాను? "పాప" అంటూనే ఉంది. కొంచెం ఆగి, మళ్ళీ. ఫోను పెట్టేస్తే ఈసారి కూడా మొహం తిప్పుకున్నానని అనుకుంటుంది. పెట్టకపోతే జవాబు ఎలా చెప్పను?

అప్పుడు వడ్రంగి నెంబరు గుర్తుకొచ్చింది. ఎప్పుడో అక్క పంపింది, నేను దాచుకోలేదు. పాత మెసేజీలన్నీ ఒంటిచేత్తో వెతికాను. ఆ నెంబరుకి వీడియో కలిపాను. వెంటనే ఎత్తాడు. ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నట్టున్నాడు. మొదటిసారి సరిగ్గా చూశాను ఆయన్ని. చెవి వెనక పెన్సిలు ఉంది. నన్ను చూసి నమస్కారం పెట్టబోయి, అది కాదనుకుని, ఫోను చటుక్కున అక్క వైపు తిప్పాడు.

అక్క గోడ వైపు తిరిగి కూర్చుంది. సెల్లు చెవికి ఆనించుకుంది, వినే మనుషులు పెట్టుకుంటారే, అచ్చం అలాగే. కళ్ళు గట్టిగా మూసుకుంది. "పాప" అనడం తెర మీద చూశాను, అదే మాట చెవిలో విన్నాను.

ఆయన భుజం తట్టాడు. తిరిగి చూసింది.

నా రెండు చేతులూ కావలసి వచ్చి సెల్లు గోడకి ఆనించి, రిసీవరు గడ్డం కింద ఇరికించుకున్నాను. చెప్పడానికి ఏం దొరకలేదు. "విన్నాను" అన్నాను. జీవితంలో మొదటిసారి అక్కకి ఆ మాట చెప్పడం.

"ఎలా ఉంది?" అని అడిగింది. గొంతు గురించి.

బాగుంది అన్నాను. ఇద్దరం ఏడ్చాం. ఆయన ఫోను పట్టుకునే నిలబడ్డాడు, బొమ్మ అటూ ఇటూ ఊగింది. ఒక్కసారి కూడా ఆగలేదు.

తర్వాత అక్క తిట్టింది. గట్టిగా తిట్టింది, చేతులు టపటపా కొట్టుకున్నాయి. ఆ రోజు సగంలో మొహం తిప్పుకున్నావు, మిగతాది చెప్పనివ్వలేదు అంది. ఇప్పుడు చెప్పు అన్నాను. ఒక్కొక్కటే, నెమ్మదిగా చెప్పింది.

"మాట్లాడటానికి మనిషి దొరికింది. నా పక్కన కూర్చునే మనిషి లేదు. ఎప్పుడూ నువ్వు నా వైపు కాకుండా ఆఫీసరు వైపు తిరిగి ఉంటావు. ఈ ఒక్కసారి నా వైపు చూస్తూ కూర్చో."

నేను చూస్తూనే ఉన్నాను. రెప్ప వేయలేదు.

జూన్ 26

సెలవు అడిగితే ఈ నెలలో ఇంకెన్ని అని మేనేజరు గొణిగాడు. అక్క పెళ్ళి అన్నాను. అక్షింతలు వేస్తాడనుకుంటే స్వీట్లు తెమ్మన్నాడు.

సెక్రటరీగారికి తాళం చెవి ఇచ్చాను. ఇంటర్నెట్ పెట్టె కట్టేసి వెళ్ళమన్నారు, కరెంటు దండగ. కట్టలేదు. రాత్రి బావగారు మెసేజ్ పెట్టారు, ఊళ్ళో దిగగానే వీడియో చేయమని, స్టేషనుకి ఆయనే వస్తారట. నెంబరు ఫోన్లో దాచుకున్నాను, బావ అని.

వచ్చే నెల ఇద్దరూ ఇక్కడికి వస్తామన్నారు. బల్బు ఉంది కదా.

జుట్టుకి రంగు వేసుకోవడం కుదరలేదు.

జూన్ 27

రైలు. పక్క సీటావిడ కబుర్ల మనిషి. ఎక్కడికని అడిగింది. అక్క పెళ్ళికి అన్నాను.

అక్క పెళ్ళా అని నా నెరిసిన జుట్టు వంక చూసింది.

అవునండీ, నేనే చిన్నదాన్ని అన్నాను.